సగం గ్లాసు వచ్చేదాకా

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు పాత ప్రోగ్రాం తెరిచి చూసి మొట్టమొదట అనే మాట, "దీన్నెవడు రాశాడు?" అని. ఫరీదాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ లారీల బుకింగ్ ప్రోగ్రాం విషయంలో ఆ ప్రశ్నకు జవాబు నేను. ప్రశ్న వేసినప్పుడు నేను వాళ్ల వెనకాల కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

నాకు డిగ్రీ లేదు. మా తాడేపల్లిగూడెం నుంచి టెలెక్స్ ఆపరేటరుగా ఢిల్లీ వచ్చినవాణ్ణి. టెలెక్సులు పోయాయి, నేను పోలేదు. కంపెనీ యజమాని ఒక కంప్యూటరు కొని, దానికి కుంకుమబొట్టు పెట్టి, గుడ్డ కప్పి ఉంచాడు. ఆ గుడ్డ తీసింది నేను. దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు అమ్ముతారు. అక్కడ కొన్న పుస్తకంతోనే ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. దానికి మొదటి రెండు అధ్యాయాలు లేవు, ఎవరో చింపేశారు. వాటిలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. అవసరం పడలేదు.

నేను రాసిన ప్రోగ్రాం చేసే పని చాలా చిన్నది. ఫరీదాబాద్ సెక్టార్లలో ఉన్న ఫ్యాక్టరీల్లో సరుకు పంపించే గుమాస్తాలుంటారు. అక్కడ వాళ్లను మున్షీ అంటారు. మున్షీ కంప్యూటరులో మా పేజీ తెరిచి, ఏం సరుకు, ఏ ఊరికి అన్నది కొట్టి బటన్ నొక్కుతాడు. మా యార్డు నుంచి లారీ బయల్దేరి ఫ్యాక్టరీ గేటు ముందు ఆగుతుంది. అంతకు ముందు ఇదంతా ఫోన్ల మీద జరిగేది. జరిగేది అనడం కూడా ఎక్కువే.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పక తప్పదు. మున్షీ బటన్ నొక్కగానే బుకింగ్ నమోదైపోతుంది. ఆ తరవాత నా ప్రోగ్రాం యార్డులోని కంప్యూటరుకు ఫోను లైను మీద కబురు పంపి, "అందింది" అని జవాబు వచ్చేదాకా ఆగుతుంది. జవాబు వస్తే "మీ బుకింగ్ అయింది" అనే పేజీ చూపిస్తుంది. జవాబు ఆలస్యమైతే మనిషికి ఖాళీ తెర చూపించడం మర్యాద కాదని నేను మధ్యలో ఒక పేజీ పెట్టాను. "భాయీ సాబ్, థోడా రుకియే, చాయ్ పీజియే" అని ఒక్క వాక్యం. కాస్త ఆగండి, టీ తాగండి అని. దాని మీద టీ గ్లాసు బొమ్మ.

ఆ బొమ్మ నేనే గీశాను, చుక్క చుక్కా పెట్టుకుంటూ. గ్లాసు పూర్తయింది గానీ అందులో టీ నింపేసరికి ఓపిక అయిపోయింది, సగంలో ఆపేశాను. మా ఆవిడ చూసి, "ఎవరింట్లోనండీ ఇది, సగం గ్లాసే పోస్తున్నారు?" అంది. మార్చలేదు.

ఆ ప్రోగ్రాం ఏళ్ల తరబడి నడిచింది. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, వాస్తవంగా రాలేదు.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో మా యజమాని ఒక పెళ్లికి వెళ్లి, అక్కడ గుర్గావ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన పక్కన కూర్చుని భోంచేశాడు. తిరిగొచ్చాక మన ప్రోగ్రాం పాతదైపోయింది అన్నాడు. పెళ్లికి వెళ్లేముందు రోజు వరకూ అది పాతది కాదు. దాన్ని కొత్త ఫ్రేంవర్క్‌లోకి మార్చాలన్నాడు. ఫ్రేంవర్క్ అంటే వేరేవాళ్లు ముందే కట్టిపెట్టిన ఇల్లు. మన సామాను తీసుకెళ్లి వాళ్ల అలమారాల్లో సర్దుకోవాలి. అలమారాలో పట్టని సామాను అవసరం లేని సామాను అని తేలుస్తారు.

నాకు మాత్రం ఆయన విడిగా, మంచిగానే చెప్పాడు. కొత్తది నిలబడిన రోజు పాతది ఆపేస్తాం, దాంతో పాటు మీరూ విశ్రాంతి తీసుకోండి, వయసయింది కదా అని. విశ్రాంతి కావాలని నేను ఆయన్ని అడిగిన గుర్తు లేదు.

గుర్గావ్ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకతను ఎంసీఏ చదివిన ఇంజనీరు, లక్నో వైపు వాడు. ఇంకొకామె అతని పైన టీం లీడ్, కరీంనగర్ అమ్మాయి. నా టిఫిన్ డబ్బాలో గోంగూర చూసి, "అంకుల్, తెలుగోళ్లా మీరు? ముందుగాల్నే చెప్పొద్దా," అంది. ముందుగా ఎవరూ అడగలేదన్నాను.

అమ్మాయి పనిమంతురాలే. నా ప్రోగ్రాంలోని ప్రతి పేజీ నాతో తెరిపించి చూసింది. గ్లాసు పేజీ దగ్గరికి వచ్చేసరికి, "ఇది ఎర్రర్ పేజీ, అక్కర లేదు," అంది.

ఎర్రర్ కాదన్నాను.

"జవాబు రాకుంటేనే వస్తది గద అంకుల్ ఇది? దాన్ని ఎర్రరే అంటరు."

"మా ఇంటికి చుట్టం వచ్చేసరికి వంట కాకపోతే కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం. దాన్ని ఎర్రర్ అనం," అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వి తీసేసింది. కొత్త ఫ్రేంవర్క్‌లో ఆగడం అనేదే ఉండదట. బుకింగ్‌ను ఒక వరసలో పడేసి, యార్డు జవాబు కోసం చూడకుండా, వెంటనే ఆకుపచ్చ పేజీ చూపిస్తుంది. మీ బుకింగ్ విజయవంతమైంది అని ఇంగ్లీషులో, కింద ఒక పొడుగాటి నంబరు. వేగంగానే ఉండేది, ఒప్పుకుంటాను. వేగం మీద నాకేం కక్ష లేదు.

ప్రారంభానికి ముందు మున్షీలందరికీ ఒక హోటల్లో శిక్షణ ఏర్పాటు చేశారు. హోటల్ అనేసరికి మున్షీలకు బదులు మేనేజర్లు వచ్చారు. ఆ మేనేజర్లలో ఒక్కరూ జన్మలో లారీ బుక్ చేసి ఎరగరు. పనీర్ పకోడీ బాగుందన్నారు. శిక్షణ విజయవంతమైందని ఇంజనీరు గుర్గావ్‌కు రాశాడు.

సోమవారం పొద్దున పాతది ఆపి కొత్తది నడిపారు. మొదటి గంటలో వచ్చిన బుకింగులు చూసి ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. మామూలు రోజు కంటే చాలా ఎక్కువ. ప్రజలు కొత్తదాన్ని ఆదరిస్తున్నారన్నాడు.

ఇంకాసేపటికి యార్డు ఖాళీ అయింది. యార్డు ఖాళీ కావడం నేనెప్పుడూ చూడలేదు. పావురాలు దిగాయి. అటు తరవాత ఫోన్లు మొదలయ్యాయి. ఒక బేరింగుల ఫ్యాక్టరీ గేటు ముందు మా లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, అడిగింది ఒకటే. పక్కనున్న రబ్బరు ఫ్యాక్టరీకి ఒక్కటీ రాలేదు. బేరింగుల ఫ్యాక్టరీ ముందున్న లారీ డ్రైవర్లు, మా బుకింగే అసలుది, మీదే తప్పుది అని ఒకళ్లనొకళ్లు వెనక్కి పొమ్మంటున్నారు. సెక్టారు రోడ్డు మొత్తం ఆగిపోయింది. స్కూలు బస్సు ఒకటి మా లారీల మధ్య ఇరుక్కుందని ఒక తల్లి నేరుగా యజమానికే ఫోన్ చేసింది. ఆమెకు ఆ నంబరెలా దొరికిందో ఇప్పటికీ తెలియదు.

అమ్మాయి, ఇంజనీరు కూర్చుని బుకింగులు ఒక్కొక్కటే తీసి చూశారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే సరుకు, ఒకే ఊరు, మళ్లీ మళ్లీ. రెండోది రాగానే ఆపేయొచ్చు కదా అని ఇది చదివే కుర్రాళ్లు అంటారని తెలుసు. ఆపలేరు. సరుకెక్కువున్న రోజు ఒక ఫ్యాక్టరీ ఒకే ఊరికి నాలుగు లారీలు నిజంగానే అడుగుతుంది. ఏది నిజమో ప్రోగ్రాంకు ఏం తెలుసు?

అప్పుడు ఇంజనీరు నా వైపు తిరిగాడు. "అంకుల్, వో పురానా వాలా కహీఁ చల్ తో నహీఁ రహా?" అన్నాడు. పాతది ఎక్కడైనా ఇంకా నడుస్తోందా అని. మర్యాదగానే అడిగాడు. అందులోని అర్థం అందరికీ అర్థమైంది. ముసలాడు కుర్చీ కోసం గూడుపుఠాణీ చేశాడని.

నేను లేచి, పాత కంప్యూటరు దగ్గరికి వెళ్లి, గోడలోని ప్లగ్గు పీకి, వైరుతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టాను. ఏమీ అనలేదు. అనవలసినవి ఆ తరవాత చాలా ఏళ్లపాటు మా ఆవిడతో అన్నాను.

మధ్యాహ్నానికి యజమాని వచ్చాడు. ఆయన కోపంగా ఉన్నప్పుడు గొంతు తగ్గుతుంది. సాయంత్రం నో ఎంట్రీ తెరుచుకునేలోపు ఇది బాగవ్వాలన్నాడు. పగలు ఢిల్లీలోకి లారీల్ని రానివ్వరు. సాయంత్రం వదిలినప్పుడు బదర్‌పూర్ బోర్డరు దాటకపోతే ఆ రోజు సరుకు పోయినట్టే. అప్పటికీ బాగవ్వకపోతే పాతది మళ్లీ పెట్టండి, అన్నాడు. అమ్మాయి వైపు చూడకుండా, గుర్గావ్‌కు ఫోన్ చేసి ఈ మేడం వద్దని చెబుతాను, అని కూడా అన్నాడు.

అంటే సాయంత్రం దాకా నేను చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, నా కుర్చీ నాకే. అలా కూర్చోవడం నాకు బాగానే వచ్చు. కానీ ఆ ప్లగ్గు బల్ల మీద ఉంది, ఆ ఇంజనీరు దాన్ని అప్పుడప్పుడూ చూస్తున్నాడు. అది భరించలేకపోయాను. స్కూటర్ తీశాను. బేరింగుల ఫ్యాక్టరీ మున్షీ ఏం చేస్తున్నాడో వెళ్లి చూస్తానన్నాను. నేనూ వస్తానంటూ అమ్మాయి వెనక ఎక్కింది.

దారిలో, "అంకుల్, వాని మాటలకు కోపం చేయకుండ్రి," అంది.

"నాకు కోపమెందుకమ్మా," అన్నాను. స్కూటర్ అప్పుడు కాస్త వేగంగా పోతోంది.

మున్షీ యూపీలో ఏటా జిల్లా వైపు మనిషి, ఊలు టోపీ, మఫ్లరు. మమ్మల్ని చూసి ఆయనే ముందు ఫిర్యాదు చేశాడు, పొద్దున్నుంచీ ప్రయత్నిస్తున్నా బుకింగ్ అవడం లేదని. గేటు బయట లారీల హారన్లు లోపలికి వినిపిస్తున్నాయి. అవెవరివి మరి అన్నాను. ఏమో, ఎవరో పిచ్చివాళ్లు పంపుతున్నారు, అన్నాడు.

మా ముందే చేసి చూపించమన్నాం. కొట్టాడు, బటన్ నొక్కాడు. ఆకుపచ్చ పేజీ వెంటనే వచ్చింది. ఆయన నాలుక చప్పరించి, వెనక్కి వెళ్లి, మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆకుపచ్చ. మళ్లీ నొక్కబోతుంటే అమ్మాయి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"అయిపోయింది గద భయ్యా, సక్సెస్ అని రాసుంది చూడండి," అని హిందీలో అంది.

"యే తో హరా హై, దీదీ," అన్నాడాయన. ఇది పచ్చగా ఉంది కదమ్మా అని. "గ్లాస్ కహాఁ ఆయా?" గ్లాసు ఎక్కడొచ్చింది అని.

ఏ గ్లాసు అని ఆమె అడిగింది. ఆయన జాలిగా చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నొక్కాలి. కాసేపు ఏమీ రాదు. ఆ తరవాత సగం గ్లాసు టీ వస్తుంది. అది వచ్చిందంటే బుకింగ్ అయినట్టు. లేచి వెళ్లి టీ తాగి వస్తే లారీ గేటు దగ్గరుంటుంది. తనకు ముందున్న మున్షీ నేర్పింది ఇదే, తను పక్క ఫ్యాక్టరీల వాళ్లకు నేర్పింది ఇదే. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

గ్లాసు తరవాత ఇంకో పేజీ వస్తుంది కదా, మీ బుకింగ్ అయింది అని, అదెప్పుడూ చూడలేదా అని నేనడిగాను.

"ఉస్కే బాద్ క్యా?" అన్నాడు. "ఉస్కే బాద్ ట్రక్ ఆతా హై." దాని తరవాత వచ్చేది లారీయే అని.

అంతే కాదు, ఇంత తొందరగా వచ్చేది ఏదీ నమ్మదగింది కాదని కూడా చెప్పాడు. రైలు టిక్కెట్టు ఇంత తొందరగా వస్తుందా? బ్యాంకులో డబ్బు వస్తుందా? తెర మీద ఇలా టక్కున వచ్చేవన్నీ ప్రకటనలే.

బయటికొచ్చాక అమ్మాయి స్కూటర్ ఎక్కకుండా నిలబడింది. "అంకుల్, అంటే ఇన్నేండ్లు యార్డు లైను ఎన్నడూ టైముకు జవాబియ్యలె. అందరూ చూసింది ఎర్రర్ పేజీనే," అంది.

"నిరీక్షణ పేజీ," అన్నాను.

యార్డు లైను మా ఆఫీసు నుంచి బాగా పనిచేసేది. నేను చూసినప్పుడల్లా చివరి పేజీ వచ్చేది. ఫ్యాక్టరీల్లో గ్లాసు దగ్గరే ఆగుతోందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అది వాళ్లకు ఇబ్బంది అయితే కదా. ఇందులో నా తప్పేమిటో చెప్పమని నేను చాలామందిని అడిగాను. మొహమాటం లేనివాళ్లు కొందరు చెప్పారు. నేను ఏకీభవించలేదు.

ఫోన్ చేసి మున్షీలకు పచ్చపేజీయే అసలుదని చెప్పొచ్చు కదా అంటారా? చెప్పాం. మేనేజర్లు ఎత్తి, సరే చెబుతాం అన్నారు. దొరికిన మున్షీలు, "హాఁ జీ, హాఁ జీ," అని, ఫోన్ పెట్టేసి, మళ్లీ నొక్కారు. అది మా తెర మీద మాకు కనబడుతూనే ఉంది.

ఇంజనీరు విషయం విని, ఇదెంత పని అన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికి ఒక టీ కప్పు బొమ్మ తెచ్చాడు. సాసరు, చెంచా, పక్కన రెండు బిస్కట్లు, పైకి లేచే పొగ. పచ్చపేజీ తీసేసి అది పెట్టాడు. అందంగా ఉంది, కాదనను. బుకింగులు ఆగలేదు. బేరింగుల మున్షీ తనే ఫోన్ చేసి, ఇప్పుడు హోటల్ ప్రకటన వస్తోందని చెప్పాడు.

అసలు బొమ్మ పాత కంప్యూటరులో ఉంది. దాని ప్లగ్గు నా బల్ల మీద ఉంది.

సాయంకాలం కావస్తోంది. యజమాని గాజు తలుపు వెనక నుంచి గడియారం చూస్తున్నాడు. అమ్మాయి వచ్చి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. తెలుగులో, మెల్లగా మాట్లాడింది.

"అంకుల్, ఆ బొమ్మ ఇయ్యుండ్రి."

"ఎర్రర్ పేజీ బొమ్మ మీకెందుకమ్మా?"

"నన్ను లీడ్ చేసింది గీ ఒక్క ప్రాజెక్టుకే. ఇది వోతే మళ్లా టెస్టింగ్‌ల కూసోబెడ్తరు, ఇగ లేవనియ్యరు. మీకు దాచెయ్యను. బొమ్మ ఇస్తే మీ కుర్చీ పోతది, అది గూడ నాకెరికే."

ఆ మాట వేరేవాళ్లెవరూ అనలేదు, ఆ రోజు దాకా. మా యజమాని విశ్రాంతి అన్నాడు, గుర్గావ్ ఆయన ముందడుగు అన్నాడు. కుర్చీ పోతది అని నా మొహం చూసి అన్నది ఈ పిల్లే. మనిషికి ఉన్న విషయం ఉన్నట్టు చెబితే సగం కోపం పోతుంది. మిగతా సగం నా దగ్గర ఇంకా ఉంది.

"ఆ పేజీకి మీ ఫ్రేంవర్క్‌లో ఏం పేరు పెడతారు?" అని అడిగాను.

"ఏం పెట్టమంటరు?"

"ఎర్రర్ అని మాత్రం పెట్టొద్దు."

ఆమె లేచి తన కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. కొత్త పేజీ తెరిచి, నేను చూస్తుండగా పేరు కొట్టింది. సక్సెస్ అని. నేను కళ్లజోడు పెట్టుకుని అక్షరాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూశాను. ఉన్నాయి. వెళ్లి ప్లగ్గు గోడలో పెట్టాను.

పాత కంప్యూటరు లేవడానికి దాని టైం అది తీసుకుంది. యజమాని తలుపు తీసుకుని వచ్చి, పాతది మళ్లీ పెట్టేస్తున్నారా అన్నాడు. నోరు విప్పి అవునంటే అయిపోయేది. లేదండీ, బొమ్మ తీసుకుంటున్నాం, అన్నాను. ఏం బొమ్మ అన్నాడు. గ్లాసు బొమ్మ అన్నాను. ఆయన తలుపు వేసుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

బొమ్మ పెట్టాక, ఇంకొకటి ఉందమ్మా, అది వెంటనే రాకూడదు, అన్నాను. మున్షీ చెప్పింది ఆమె కూడా విన్నది కదా. ఇంజనీరును పిలిచి, గ్లాసు చూపించేముందు ప్రోగ్రాంను ఒక అరనిమిషం ఏమీ చేయకుండా ఊరికే కూర్చోబెట్టమంది. అంత వేగమున్న ఫ్రేంవర్క్ చేత ఊరికే కూర్చోవడం అనే పని రాయిస్తుంటే అతని మొహం చూడాలి. చదువుకునేటప్పుడు వాళ్ల కాలేజీలో ఇది చెప్పలేదట. నా పుస్తకంలోనూ లేదు. బహుశా మొదటి రెండు అధ్యాయాల్లో ఉండి ఉంటుంది.

మొదటి గ్లాసు బేరింగుల ఫ్యాక్టరీకి వెళ్లింది. మేం ముగ్గురం తెర ముందు నిలబడి చూస్తున్నాం. ఆ ఫ్యాక్టరీ నుంచి మళ్లీ బుకింగ్ రాలేదు. రబ్బరు ఫ్యాక్టరీ ఒకసారి నొక్కి ఊరుకుంది. తరవాత మరొకటి. ఫోన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఫరీదాబాద్ మొత్తం లేచి టీకి వెళ్లింది. అనవసరంగా పోయిన లారీలను యార్డువాళ్లు పిలిచి, కావలసిన గేట్లకు పంపారు. నో ఎంట్రీ తెరిచినప్పుడు మా బళ్లు బదర్‌పూర్ బోర్డరు దగ్గర వరసలో ఉన్నాయి.

ఏమైంది అసలు అని యజమాని అడిగితే, అమ్మాయి నిలబడి, "అంకుల్ పేజీ ఒకటి మర్చిపోయినం సర్," అని హిందీలో చెప్పింది. ఇంజనీరు ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూసింది. అతను ప్రోగ్రాం వైపు చూశాడు.

తరవాత అనుకున్నట్టే జరిగింది. కొత్తది నిలబడింది, నేను నిలబడలేదు. ఒక శాలువా కప్పారు. యజమాని మాట్లాడుతూ నన్ను కంపెనీకి పునాది అన్నాడు. పునాదిని తీసి బయట పెట్టడం అప్పుడే మొదటిసారి చూశాను. అమ్మాయి మాత్రం లీడ్‌గానే ఉండి, తరవాత ఇంకా పైకి వెళ్లిందని విన్నాను. ఇంజనీరు అమెరికావాళ్ల బ్యాంకు పనికి మారాడట. అక్కడ ఊరికే కూర్చోబెట్టే పని ఉందో లేదో తెలియదు.

కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఢిల్లీలోని ద్వారకలో అద్దెకు ఒక ఇల్లు చూసుకున్నాం. సామానుకు లారీ కావాలి. ఉద్యోగం పోయినా లారీ బుక్ చేసుకోవడానికి అడ్డేమీ లేదు కదా. పక్క సెక్టారులో నెట్ సెంటరుకు వెళ్లి, కొత్త ప్రోగ్రాం తెరిచి, సరుకు అన్నచోట గృహోపకరణాలు అని కొట్టి, బటన్ నొక్కాను.

ఏమీ రాలేదు.

నొక్కిన క్షణంలోనే బుకింగ్ నమోదయి ఉంటుంది. యార్డుకు కబురు వెళ్లిపోయి ఉంటుంది. ఆ అరనిమిషం ఆలస్యం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, ఆ రోజు ఆ ఇంజనీరు మొహం ఎలా ఉందో, ప్రపంచంలో నాకు తెలిసినంతగా తెలిసినవాళ్లు ఇద్దరే. అయినా మౌసు మీద చెయ్యి తీయలేదు. మా ఆవిడ పక్కన నిలబడి, అయిందా అంది. ఇంకా లేదన్నాను.

సగం గ్లాసు వచ్చింది.

అప్పుడు లేచాను. ఎదురుగా రోడ్డు పక్కన బండి దగ్గర ఇద్దరం టీ తాగాం. క్వార్టరుకు తిరిగొచ్చేసరికి గేటు ముందు లారీ ఆగి ఉంది. ఒక్కటే.